రోగాల్లేని ఊరని వార్తొచ్చినంక

ఆ వీడియోల నేను తల ఊపుతుంట. నా పాత్ర అంతే. మాటా లేదు, పలుకూ లేదు. విలేకరి గొంతు వెనకనుంచి ఈ ఊరికి మందులతో పనే లేదని చెప్తుంటది, అంగన్‌వాడీ టీచర్ని నేనేమో కొంగు సదురుకుంట అవునవునని గంగిరెద్దు లెక్క తల ఊపుతుంట. అసలు నేను తల ఊపింది మందుల మాటకు కానే కాదు. పండుగ భోజనాల బంతిల విలేకరి నా పక్కన కూసొని తినుకుంట, కోడికూర మస్తుంది కదా మేడం అన్నడు. మస్తుందని ఊపిన. ఆ కోడికూరను తీసి పారేసి, ఆ జాగల మందులను తెచ్చి అతికించిండు మహానుభావుడు. ఇప్పటికీ ఎవరన్నా ఆ వీడియో ముందట పెడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది.

మాది పెనుబల్లి దిక్కు. పెళ్లయి ఇటొచ్చిన కొత్తల నేను "వచ్చాడు, వెళ్లాడు" అంటే ఇక్కడోళ్లు నవ్వేటోళ్లు. ఇప్పుడు పుట్టింటికి పోయి "వచ్చిండు" అంటే అక్కడోళ్లు నవ్వుతరు. మా ఆయన పాల్వంచల షిఫ్టుల మీద కాంట్రాక్టు పని చేస్తడు. మేముండేది భద్రాచలం రోడ్డు దిగి అడవి మొకాన పోతే తగిలే ఊరు. ఊరికి ఆనుకునే గూడెం, గూడెంలనే నా అంగన్‌వాడీ. దాని పక్క గోడ అవ్వది. నాకు సొంత అవ్వ కాదు, గూడెం అందరికీ అవ్వే. కొడుకూ కోడలూ మిర్చి ఏరబోతే పొద్దంతా నా పిల్లల దగ్గరనే కూసుంటది, గుడ్లు ఉడికినయా లేదా అని నామీదనే పెత్తనం చేస్తది.

గూడెంల చలికాలం చిక్కుడు కాతకొచ్చినంక కొత్తల పండుగ చేస్తరు. కొత్త కాయ అమ్మవారికి పెట్టకుంట ఎవరూ నోట్ల పెట్టరు. మా గూడెంల ఇంకో కట్టుబాటు కూడ ఉన్నది. పండుగ నడిచినన్ని దినాలు ఎవరూ రోగం పేరెత్తరు. జరమొచ్చినా, కీళ్లు పట్టుకున్నా, ఎట్లున్నరంటే చల్లగున్నం అనాలె. పేరు పెట్టి పిలిస్తే రోగం గూడ వచ్చి బంతిల కూసుంటదని అవ్వ అంటది. నాకైతే ఆ పద్ధతి మస్తు ఇష్టం. ఏడాది పొడుగునా నడుం నొప్పి, నడుం నొప్పి అని సతాయించేటోళ్లు నాలుగు పూటలు దాని ఊసెత్తకపోతే చెవులకన్నా సుఖం.

సరిగ్గా ఆ పండుగ నాడే దిగిండు విలేకరి. టౌనుల ఏదో వెబ్ చానలంట. కుర్రోడు మంచోడే, అబద్ధమెందుకు చెప్పాలె. చెప్పులిడిచి ఇండ్లల్లకు పోయిండు, పెట్టింది వంకలు పెట్టకుంట తిన్నడు. కానీ బండి దిగకముందే ఆయన తలకాయల హెడ్డింగు తయారుగున్నది: అడవి తిండి, రోగాల్లేని ఊరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటరు చూడు, గట్ల.

ఇంటింటికి పోయి మీకు షుగరుందా, బీపీ ఉందా, జరాలొస్తయా అని అడిగిండు. పండుగ పూట ఎవరు చెప్తరు? లేదయ్యా, చల్లగున్నం అన్నరు. అవ్వనైతే దడి కాడ నిలబెట్టి, నీ జీవితంల ఎప్పుడన్నా గోలీ మింగినవా అన్నడు. అవ్వ పండ్లన్నీ కనబడేటట్టు నవ్వి, గోలీ అంటే ఏందయ్యా అన్నది. షుగరుకొకటి, బీపీకొకటి పొద్దున్నే మింగి వచ్చిన మనిషి! వయసెంత అంటే, నువ్వే చెప్పరాదు బిడ్డా అన్నది. ఆయన తొంభై ఐదని చెప్పిండు. అవ్వ పెద్దకొడుకుకే ఇంకా యాభై నిండలె.

నేను ఊకోలేదు. పక్కకు పిలిచి చెప్పిన. నెలకోసారి మందుల బండి వస్తది, సగం గూడెం దాని ముందట నిలబడతది, పండుగని వీళ్లు రోగం పేరెత్తుతలేరు, ఓ వారం ఆగి రాయ్యా అని మర్యాదగనే చెప్పిన. ఆయన నవ్వి, "అది వేరే స్టోరీ మేడం" అన్నడు.

వేరే స్టోరీ అంట. ఎవరింట్లనో డబ్బాల ఉన్న ఎండు ఇప్పపువ్వు తీసుకొచ్చి ఆకుల పోసి, దాని పక్కన అవ్వను కూసోబెట్టి, ఇదే ఈమె రోజువారి తిండి అని చూపించిండు. మా ఇండ్లల్ల రోజువారి తిండి రేషన్ బియ్యం, పామాయిలు ప్యాకెట్టు, ఐతారం ఐతే బ్రాయిలర్ కోడి. పిల్లలు నూడుల్స్ ప్యాకెట్లు తిని పారేసిన కవర్లను ఆయన కాలుతోటి పక్కకు జరిపి మరీ వీడియో తీసిండు. నా కండ్లతో చూసిన.

వీడియో వచ్చినంక ఇగ చూడాలె మా ఊరోళ్ల సంబరం. సిగ్నల్ దొరికే చింతచెట్టు మిట్ట మీద పొద్దుగూకులూ జనమే. మా ఆయన షిఫ్టుకు పోతే తోటోళ్లు, మీ ఊరి నీళ్లు ఒక క్యాను పట్టుకరా అని ఆటపట్టిచ్చిండ్రట. పెనుబల్లి నుంచి మా వదిన ఫోన్ చేసి, ఆ పువ్వుల పొడి ఏదో ఉందంట కదా, మీ అన్నయ్య మోకాళ్లకు ఓ అరకిలో పంపించు అన్నది. కార్లేసుకొని టౌనోళ్లు దిగుడు, అవ్వతో సెల్ఫీ దిగుడు. అవ్వ కూడ ఏం తక్కువ తిన్నదా? వచ్చినోళ్లకల్లా ఒక్కో ఆకు పేరు చెప్పి పంపేది. ఒకామెకు గోంగూర చెప్పింది.

మేం గూడ అందరం నవ్వుకున్నం, నేనూ నవ్విన. ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఒకవేళ ఆ కుర్రోడు మా ఊరు గలీజు ఊరని రాసి ఉంటే, మర్నాడే రోడ్డు మీద బైఠాయించేటోళ్లం, చానల్ ఆఫీసు దాకా పోయేటోళ్లం. ఎవర్ని అడిగి రాసినవని గల్లా పట్టుకునేటోళ్లం. పొగిడిండు కాబట్టి ఎవరూ ఏమీ అడగలె. తిట్టిన వార్తలో అబద్ధం పండ్లకింద రాయిలెక్క తగులుతది, పొగిడిన వార్తలో అబద్ధం పాయసంల కరిగిపోతది. ఆ పాయసం మేం గిన్నెలు నాకి మరీ తిన్నం.

ఆ తర్వాత నెల మందుల బండి రాలె. లేటయిందేమో అనుకున్నం. మల్ల నెల కూడ రాలె. బండి డ్రైవర్ నంబరుంటే ఫోన్ చేసి అడిగిన. ఆయన పాపం మొహమాటపడుకుంట చెప్పిండు. పైనోళ్లు వీడియో చూసిండ్రట. మీ ఊరికి అవసరం లేదన్నరు, మీ స్టాపు తీసి వాగవతల ఊరికిచ్చిండ్రు, వీడియోల మీరు గూడ అవునన్నరు కదమ్మా అన్నడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటరు, మాకు మందెయ్యకముందే ఊడింది.

సరే, అవ్వ గోలీలు ఒడిసిపోయుంటయని మా ఆయనతోటి పాల్వంచల కొనిపిచ్చి తీసుకపోయిన. అవ్వ కొంగుల చూస్తే పాత గోలీలే అట్లనే ఉన్నయి. మింగుతలేదు. పైనుంచి ఎదురుగ పళ్లెంల నువ్వుల ఉండలు. అవ్వ, ఏందిది అంటే తాపీగ చెప్పింది.

"నాకు షుగర్ పోయింది బిడ్డా. టీవీవోళ్లు చెప్పిండ్రు గద."

"వాళ్లకు చెప్పింది నువ్వే కదనే అవ్వా."

"నేనంటే పండుగని చెప్పిన. వాళ్లు సదువుకున్నోళ్లు, తెలుసుకోకుండ చెప్తరా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒక్కసారే వచ్చినయి. తను చెప్పిన అబద్ధమే ఊరు చుట్టి ఫోన్లకెక్కి తిరిగొచ్చేసరికి నిజమనుకున్నది మా అవ్వ. పిచ్చిది కాదు సుమా. గూడెంల పది మందికి తగువులు తీర్చే మనిషి. అన్ని కార్లొచ్చినయి, అంతమంది కాళ్లు మొక్కిండ్రు, ఇంతమంది తప్పయితరా అనుకున్నది. మనమంతా అట్లనే గద అనుకునేది.

అప్పుడు చూసిన ఆమె కాలు. చిటికెన వేలికి గుడ్డపీలిక చుట్టుకొని ఉన్నది. ముల్లు గుచ్చుకున్నదంట, ఎప్పుడో. నొప్పే లేదంట. విప్పి చూస్తే వేలు కొస నల్లబడ్డది. షుగరున్నోళ్లకు నొప్పి లేకపోవుడే చెడ్డదని మా ట్రైనింగుల ఎన్నిసార్లు చెప్పిండ్రో.

మర్నాడు అంగన్‌వాడీ ఆయాకు పిల్లలను అప్పజెప్పి, అవ్వను తిట్టుకుంట బస్సెక్కిచ్చిన. దారి పొడుగునా అలిగి కిటికీల నుంచి బయటికే చూసింది. పాల్వంచ దవాఖానాల చేతివేలు పొడిచి రక్తం చూసిండ్రు. మిషను చూసి నర్సమ్మ ఇంకోసారి పొడిచింది. డాక్టరు అవ్వ మొకం కూడ చూడకుండ నన్నే తిట్టిండు, ఇన్ని దినాలు ఏం చేస్తున్నరని. గోలీలు రాసి, కట్టు కట్టి, వేలు దక్కుతదో లేదో చెప్పలేను, ఖమ్మం పోవాల్సి రావచ్చు అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు అడవిలకు మళ్లినంక అవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

"ఆ మిషను నన్నడగలె బిడ్డా. నా రక్తాన్ని అడిగింది."

అవ్ అవ్వా అన్న.

ఇగ మందుల బండి మల్ల రావాలంటే ఊరు ఊరంతా నోరు తెరవాలె. దానికి దారి గూడ దొరికింది. వీడియో చూసిన ఒక పెద్ద ఆఫీసరు మా గ్రామసభకొచ్చి అవ్వకు శాలువా కప్పుతా అన్నడట. ఆయన ముందటనే చెప్దామని నేనన్న. అప్పుడొచ్చిండు మా ఊరి పెద్ద, చేతులు నలుపుకుంట. ఆయన మనవడికి రోడ్డవతల ఊరునుంచి పిల్ల కుదిరింది. వీడియో చూసే కుదిరింది, రోగాల్లేని ఊరని. పిల్ల తండ్రి సభకు గూడ వస్తున్నడు. పెండ్లి అయ్యేదాకన్నా ఊకోండి టీచరమ్మా, మీకు పుణ్యముంటది అన్నడు. గూడెంల చానామంది ఆయన దిక్కే. ఇంత పేరొచ్చింది, మన నోటితోటి మనమే తీసుకుంటమా అని. ఆయన మీద కోపమొచ్చింది గానీ, ఆయన మొకం చూస్తే పాపమనిపిచ్చింది. అవ్వ చిక్కుడు గింజలు ఒలుసుకుంట కూసున్నది.

సభ నాడు స్కూలు ముందట షామియానా ఏసిండ్రు. ఆఫీసరు మంచిగ మాట్లాడిండు, మిమ్మల్ని చూసి టౌనోళ్లు నేర్చుకోవాలన్నడు. అందరం చప్పట్లు కొట్టినం, అలవాటు. అవ్వను పిలిచి శాలువా కప్పిండ్రు. అవ్వ ఆ శాలువాను తడిమి చూసుకున్నది, మంచిగున్నదని ఆఫీసరుకే చెప్పింది. తర్వాత మైకు అడిగింది. కట్టు కట్టిన కాలు లాక్కుంట ముందుకొచ్చి నిలబడ్డది.

"అయ్యా, నాకు షుగరున్నది. బీపీ ఉన్నది. నన్నడిగిన నాడు పండుగ, అందుకని లేదన్న. ఇయ్యాల పండుగ కాదు, మల్ల అడుగుండ్రి."

ఊరి పెద్ద నేలకేసి చూస్తున్నడు. ఇంతల ఆడోళ్ల దిక్కునుంచి ఒకామె లేచి నాక్కూడ బీపీ అన్నది. ఆమె లేచిందని ఇంకొకామె లేచింది. తర్వాత ఇగ ఆగుతరా? చలిజరమని ఒకరు, కీళ్లని ఒకరు, ఉబ్బసమని ఒకరు. నిన్నటి దాకా రోగం లేదని గొప్పలు పోయినోళ్లు ఇప్పుడు నీకంటే నాదే పెద్దదని పోటీ పడ్డరు. ఇద్దరు అక్కచెల్లెండ్లు ఎవరి బీపీ ఎక్కువని అక్కడనే కొట్లాటకు దిగిండ్రు. ఆఫీసరు రాసుకొమ్మని పక్కాయనకు సైగ చేసిండు, ఆయనకు చెయ్యి నొప్పిపుట్టింది.

అప్పుడు లేచిండు పిల్ల తండ్రి. సంబంధం పాయె అనుకున్నం అందరం. ఆయన గొంతు సవరించుకొని, తన భార్య గూడ రోజూ బీపీ గోలీ మింగుతదని, ఇంత నిఖార్సైన ఊళ్లెకు పిల్లనిస్తే రేపు పిల్ల తల్లికి తలనొప్పంటే ఏమంటరోనని ఇంట్ల అందరికీ గుబులున్నదని చెప్పిండు. ఇప్పుడు మనసు నిమ్మళమైందన్నడు. ఊరి పెద్ద ఉరికిపోయి ఆయన్ను వాటేసుకొని, ఆ సంబరంల తనకున్న మూలశంక సంగతి గూడ మైకుల చెప్పేసిండు. ఎవరూ అడగలె పాపం. షామియానా కూలేటట్టు నవ్వినం.

మందుల బండి మల్ల నెలనుంచే రావట్టింది. మనవడి పెండ్లి గూడ అయింది. మా ఊరోళ్లకు ఒక అలవాటు మాత్రం అంటుకున్నది. ఫోన్ల ఏ వార్తొచ్చినా, ఏ ఊరును పొగిడినా తిట్టినా, చింతచెట్టు మిట్ట మీద ఎవరో ఒకరు, ఆ దినం వాళ్లకు పండుగేమో అంటరు. మొన్న వాగవతల ఊరోళ్లు దొంగలని ఏదో వీడియో వచ్చింది. వాళ్లకూ మాకూ ముందునుంచే పడదు, నమ్మనీకి మస్తు రుచిగున్నది. అయినా ఇద్దరు బండేసుకొని పోయి అడిగొచ్చిండ్రు. అబద్ధమేనంట. నాకైతే అది చూసి చానా సంతోషమైంది, కడుపు నిండినట్టయింది. వార్త రాసేటోడిది ఒక తప్పైతే, రుచిగున్నదని మింగేటోడిది ఇంకో తప్పు. మేం మింగినోళ్లం కాబట్టి చెప్తున్న.

విలేకరి మల్ల వచ్చిండు. గ్రామసభ సంగతి ఆయనకు తెలిసింది. ఈసారి హెడ్డింగు నేను అడిగి మరీ చెప్పిచ్చుకున్న: రోగాలతో మూలుగుతున్న గూడెం. అప్పుడు కుందేలుకు మూడు కాళ్లు, ఇప్పుడు ఒక్కటే కాలు. నా నోరు లేవబోయింది గానీ అవ్వ నన్ను ఆపింది. ఆయన్ను కూసోబెట్టి చాయ్ ఇప్పిచ్చింది. మంచంల పడ్డట్టు పండుకొమ్మని ఆయన అడిగితే, కోళ్లకు గింజలెయ్యాలె, నాకు తీరదన్నది. మేం మూలుగుతలేమయ్యా, మందులేసుకొని పనికి పోతున్నం, గట్లనే రాయి అన్నది. ఇయ్యాల నాతోటి తిరుగు, రేపు గూడ ఉండు, ఇంటింటికీ పోదాం అని చెప్పింది.

కుర్రోడు తల గోక్కున్నడు. సరే, ముందుగాల నీ మొఖం తీసుకుంట అవ్వా అని కెమెరా ఎత్తిండు. అవ్వ గడప మీద కూసొని చీర కుచ్చిళ్లు కొద్దిగ పైకి జరిపి, ఎడమ కాలు ఎండల చాపింది. ఖమ్మంల చిటికెన వేలు తీసేసిన కాలు. గాయం మానింది, ఆ జాగల తోలు లేతగ మెరుస్తున్నది.

"పోయినసారి నా మొఖం చూపిచ్చినవ్. ఈసారి నా కాలు చూపియ్యి. ఇది ఎట్ల పోయిందో గూడ చెప్పు. నన్ను పండుగ నాడు అడిగినవని చెప్పు, నేను లేదన్ననని చెప్పు. ఇద్దరిదీ చెప్పు బిడ్డా."

ఆయన కెమెరా దించిండు. తర్వాత సంచిల నుంచి పెన్ను తీసి, అవ్వ పక్కన నేల మీద కూసొని, మందుల బండి ఎప్పుడు రాకుండ ఆగిందో నన్నడిగిండు.